చివరి వరుస దాకా: ఈలపాట రఘురామయ్య గొంతు

పద్య నాటకం అనగానే మా తరానికి గుర్తొచ్చేది ఒకటే సీను. కిరీటం పెట్టుకున్న ఒకాయన మైకు దగ్గరకి నడిచొస్తాడు, చెయ్యి గాల్లోకి లేపుతాడు, పద్యం నాలుగో పాదం చివరి అక్షరం దగ్గర ఆగి "ఆ..." అని అందుకుంటాడు. ఇక ఆపడు. పక్కన హార్మోనియం ఆయన వెంట పరిగెడుతూ ఉంటుంది. సినిమాల్లో కామెడీ ట్రాకులు, కాలేజీ ఫెస్టుల్లో మిమిక్రీలు, వాట్సాప్ ఫార్వర్డులు చాలావరకు ఈ సీను మీదే బతికాయి. నవ్వొస్తుంది కూడా.

ఆ రాగం అంత పొడుగ్గా, అంత పై స్థాయిలో ఎందుకుండేది అని అడిగితే వచ్చే జవాబు సాధారణంగా "అప్పటి జనాల టేస్టు అదీ" అని. ఈ జవాబుతో నాకు పేచీ ఉంది. టేస్టు గాల్లోంచి ఊడిపడదు, దాని కింద ఏదో ఒక అవసరం ఉంటుంది. ఆ అవసరమేంటో చూడ్డానికి ఒక మనిషి జీవితం తీసుకుంటాను: కల్యాణం రఘురామయ్య, జనం నోట్లో ఈలపాట రఘురామయ్య.

పుట్టింది 1901లో, గుంటూరు జిల్లా సుద్దపల్లిలో. అసలు పేరు వెంకట సుబ్బయ్య. రఘురాముడి వేషం తెచ్చిపెట్టిన పేరు రఘురామయ్య. పుట్టినప్పుడు పెట్టిన పేరు కన్నా వేషం పేరే నిలబడిందంటే రంగస్థలానికి అప్పట్లో ఉన్న బలం ఎంతో ఊహించుకోవచ్చు. చిన్నతనంలోనే స్టేజి ఎక్కి అరవై ఏళ్ల పాటు దిగలేదు. ఆడిన ప్రదర్శనల సంఖ్య ఇరవై వేలని చెబుతారు. రోజుకొక నాటకం వేసినా యాభై నాలుగేళ్లు దాటే లెక్క అది, కాబట్టి ఆ అంకెని ప్రేమతో చెప్పిన అంకెగా తీసుకుంటే సరిపోతుంది. టాగోర్ ఆయన్ని 'నైటింగేల్ ఆఫ్ ది స్టేజ్' అన్నాడని ప్రసిద్ధి. 1973లో సంగీత నాటక అకాడమీ అవార్డు, తర్వాత పద్మశ్రీ వచ్చాయి. 1975 ఫిబ్రవరి 24న పోయాడు. వికీపీడియా పద్ధతిలో జీవితం ఇంతే. మిగతాదంతా గొంతు.

ఆ గొంతుకి తయారుగా ఉన్న వేదిక ఆయన పుట్టకముందే సిద్ధమైంది. 1880 ప్రాంతంలో ధార్వాడ నుంచి వచ్చిన నాటక సమాజం కోస్తా ఊళ్లలో హిందీ నాటకాలు ఆడి పోయింది. భాష అర్థం కాకపోయినా జనం విరగబడి చూశారు. అదే ఏడాది పూణేలో కిర్లోస్కర్ 'శాకుంతలం' ఆడి మరాఠీ సంగీత నాటకానికి తలుపు తీశాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కుటుంబం తోలుబొమ్మల్ని పక్కన పెట్టి మనుషులతో 'కీచకవధ' ఆడింది. (ఆ కుటుంబాల వారసులు ఇప్పుడు మన ఐటీ కారిడార్ చివర, లింగంపల్లి సురభి కాలనీలో ఉన్నారు. క్యాబ్‌లో రోజూ ఆ పక్క నుంచే పోతుంటాం.) 1887లో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'చిత్రనళీయం' ఆడించాడు. వృత్తికి వకీలు. తెలుగు నాటకంలో వచనం, పద్యం, పాట కలిపి ఒక రూపం తయారుచేసినవాళ్లలో ఆయన పేరే ముందుంటుంది. 'ఆంధ్ర నాటక పితామహుడు' అన్నది ఊరికే ఇచ్చిన బిరుదు కాదు. ఆ తర్వాత తిరుపతి వేంకట కవులు పాండవోద్యోగ నాటకాలు రాశారు. వాటిలో కృష్ణుడి రాయబారం పద్యాలు చదువు రానివాళ్ల నోట్లో కూడా ఆడాయి. రఘురామయ్య పెద్దయ్యేసరికి తెలుగు కృష్ణుడంటే పద్యం పాడేవాడు, అంతే. పాడలేని కృష్ణుడు కృష్ణుడే కాదు.

ఇప్పుడు ఆ పాట ఎక్కడ పాడేవాళ్లో చూడండి. ఊళ్లో నాటకమంటే చాలాచోట్ల హాలు కాదు. ఊరి బయట ఖాళీ స్థలం, తాటాకు పందిరి, పెట్రోమాక్స్ లైట్లు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని వచ్చిన జనం. పిల్లలు ఏడుస్తుంటారు, ఎద్దుల మెడల్లో గంటలు మోగుతుంటాయి, ఎవడో పక్కవాడితో తగువు పెట్టుకుంటాడు. గోడల్లేని చోట శబ్దం తిరిగి రాదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ దాని తీవ్రత 6 డెసిబెల్స్ పడిపోతుంది. రఘురామయ్య గొంతు తయారవుతున్న 1910, 20లలో ఆ పందిరి కింద మైకు లేదు. వెనక నిలబడ్డవాడికి కూడా పద్యం అందాలి, ఎందుకంటే అతనూ డబ్బులిచ్చి వచ్చాడు.

యూరప్‌లో ఒపేరా గాయకులకీ ఇదే సమస్య. వాళ్లకి హాలు ఉంది కానీ ఎదురుగా పెద్ద ఆర్కెస్ట్రా కూడా ఉంది. అంత మోతలో ఒక్క మనిషి గొంతు ఎలా వినబడుతోంది? స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ 1970లలో దీన్ని కొలిచి చూశాడు. ఆర్కెస్ట్రా శక్తి చాలావరకు 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, పైకి పోయేకొద్దీ పల్చబడుతుంది. శిక్షణ ఉన్న గాయకుడి గొంతులో మాత్రం 3000 హెర్ట్జ్ దగ్గర ఒక గుట్ట లేస్తుంది. మన చెవి కూడా సరిగ్గా ఆ ప్రాంతంలోనే చురుగ్గా పనిచేస్తుంది. అంటే గాయకుడు ఆర్కెస్ట్రా కన్నా గట్టిగా అరవడం లేదు. ఆర్కెస్ట్రా ఖాళీగా వదిలేసిన బ్యాండ్‌లోకి దూరి పాడుతున్నాడు. నెట్‌వర్కింగ్ చదివినవాళ్లకి ఇది వెంటనే నచ్చుతుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. హార్మోనియం మీద ఒకటి శృతి అంటే పాశ్చాత్యుల 'సి'. ఈనాటి కచేరీల్లో మగ గాయకులు చాలామంది ఒకటి, ఒకటిన్నర దగ్గర పాడతారు. రంగస్థలం వాళ్ల నోట్లో నాలుగు శృతి, అయిదు శృతి అన్న మాటలు మామూలు. నాలుగు శృతిలో తార షడ్జం దాటి తార పంచమం అందుకుంటే ఆ స్వరం దాదాపు 523 హెర్ట్జ్. ఒపేరా ప్రపంచంలో దానికి ప్రత్యేకంగా పేరుంది: హై సి. మగ గొంతుల్లో పై స్థాయిలో పలికేదాన్ని టెనర్ అంటారు. ఒపేరాలో హీరో దాదాపు ఎప్పుడూ టెనరే, టెనర్‌కి ఎవరెస్టు ఆ హై సి. (మన దగ్గర హీరో ఒక్కడే కాదు, దుర్యోధనుడూ టెనరే. ఈ విషయంలో మనది ప్రజాస్వామ్యం.)

ఆ ఒక్క స్వరం మీద పారిస్‌లో జరిగిన కథ తెలిస్తే మన పద్యం మీద జరిగిన తగువు ఇంకా బాగా అర్థమవుతుంది. 1830లలో పారిస్ ఒపేరాలో మొదటి టెనర్ అడోల్ఫ్ నూరీ. రోసీనీ 'గియోమ్ టెల్'లో ఆర్నాల్డ్, మయర్‌బేర్ 'హ్యూగనోలు'లో రవూల్, అలెవీ 'యూదు యువతి'లో ఎలెయాజార్, ఇవన్నీ మొదట ఆడింది అతనే. చదువుకున్నవాడు, మంచి నటుడు. పై స్వరాల్ని తలలోంచి సన్నగా, మెత్తగా తేల్చి పాడేవాడు. అప్పటిదాకా అందరూ అంతే. జిల్బేర్ డ్యూప్రే అనే ఇంకొకడు పారిస్‌లో పెద్దగా పేరు రాక ఇటలీ వెళ్లిపోయి, 1831లో లుకా అనే ఊళ్లో అదే 'టెల్' ఆడుతూ హై సిని ఛాతీలోంచి నిండు గొంతుతో పలికించాడు. 1837లో ఒపేరా యాజమాన్యం అతన్ని పారిస్‌కి పిలిపించింది. నూరీ తప్పుకున్నాడు. అదే ఏడాది ఏప్రిల్ 1న వీడ్కోలు ప్రదర్శన ఇచ్చాడు, రెండు వారాలకి, 17న, డ్యూప్రే ఆర్నాల్డుగా స్టేజి ఎక్కాడు. హాలు ఊగిపోయింది. రాసిన రోసీనీకి మాత్రం ఆ స్వరం నచ్చలేదు. పీక కోస్తుంటే కోడి పెట్టే అరుపుతో పోల్చాడని చెబుతారు.

నూరీ ఇటలీ పోయి, దోనిజెత్తి దగ్గర కొత్తగా పాడటం నేర్చుకున్నాడు. కొత్త పద్ధతి పూర్తిగా పట్టుబడలేదు, పాత మెత్తదనం చేజారింది. అతని కోసం తయారైన 'పోలియూతో'ని నేపుల్స్ సెన్సారు ఆపేసింది. 1839 మార్చిలో నేపుల్స్‌లోనే ప్రాణం తీసుకున్నాడు. ముప్పై ఏడేళ్లు. శవాన్ని ఫ్రాన్సుకి తీసుకొస్తుంటే మార్సేలో జరిగిన ప్రార్థనలో ఆర్గన్ వాయించింది షోపాఁ. గెలిచిన డ్యూప్రే గొంతు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. పదేళ్లు తిరిగేసరికి అరిగిపోయింది. మనిషి మాత్రం పాఠాలు చెప్పుకుంటూ 1896 దాకా బతికాడు.

ఈ కథలో నాకు ముఖ్యమనిపించేది విషాదం ఒక్కటే కాదు. నటించే గొంతుకీ, గెలిచే గొంతుకీ మధ్య జనం ఎటు మొగ్గారన్నది. మన దగ్గర ఈ తగువు ఒకే ఇంట్లో జరిగింది. తెలుగు నాటకంలోకి పాటల్ని తెచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల మేనల్లుడే బళ్లారి రాఘవ (1880-1946). మామ తెచ్చినదాన్ని తగ్గించడానికి మేనల్లుడు జీవితమంతా కష్టపడ్డాడు. పద్యాన్ని రాగం తీసి పాడకుండా, భావం తెలిసేలా మాట్లాడినట్టు చదివేవాడు. యూరప్ వెళ్లి, లండన్‌లో బెర్నార్డ్ షాని కలిసి వచ్చాడు. ఆడపాత్రలు ఆడవాళ్లే వెయ్యాలన్నాడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది: కొడుకు చచ్చిపోయిన తండ్రి రాగాలాపన చేస్తాడా?

చెయ్యడు. ఈ ప్రశ్నకి పద్యం వైపు నుంచి జవాబు లేదని చాలామంది ఒప్పేసుకున్నారు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు, తర్వాత ప్రజానాట్యమండలి, 1947 నాటి 'మా భూమి' లాంటి నాటకాలు, అన్నీ కలిసి నాటకం గౌరవాన్ని పద్యం నుంచి వచనానికి మార్చేశాయి. విమర్శకులు కూడా ఆ పక్కకే వెళ్లారు.

రాఘవ ప్రశ్నలో ఒక లోపం ఉందని నా అభిప్రాయం. మామూలు తండ్రి ఉత్పలమాలలో ఏడవడు కూడా. పాదానికి ఇరవై అక్షరాల చొప్పున ఎనభై అక్షరాలు యతిప్రాసలతో సహా పలికినప్పుడే సహజత్వం దాటిపోయాం. ఇక మిగిలింది ఆ ఎనభై అక్షరాల్ని ఎలా ఇస్తావన్నదే. మామూలుగా చదివితే అర నిమిషం పట్టదు. పద్యానికి తాళం లేదు, కాబట్టి నటుడు ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. మంచి పద్యగాడు చేసేదేంటంటే మాటల్ని గబగబా, స్పష్టంగా, ఒక్క అక్షరం మింగకుండా ముందే అందించేస్తాడు. రాగం ఆ తర్వాత వస్తుంది. అప్పటికి విన్నవాడి చెవిలో పద్యం పడిపోయింది, దాన్ని లోపల తిప్పుకోవడానికి టైము కావాలి. రాగం ఆ టైము. మా భాషలో చెప్పాలంటే బఫర్. వెనక వరుసలో సగమే విన్నవాడు మిగతా సగం పూరించుకునేది కూడా అప్పుడే.

అయితే ఆ అవసరం అలవాటయింది, అలవాటు వ్యాపారమయింది. కాంట్రాక్టు నాటకాలొచ్చాయి. కాంట్రాక్టరు వేర్వేరు సమాజాల నుంచి పేరున్న నటుల్ని విడివిడిగా మాట్లాడుకుని ఒక రాత్రికి ఒక స్టేజి మీద కలిపేవాడు. రిహార్సల్ ఉండదు. కృష్ణుడి పాత్రనే ముక్కలు చేసి పడకసీను కృష్ణుడొకరు, రాయబారం కృష్ణుడొకరు అని పంచేవాళ్లు. అర్జునుడు ఒక కృష్ణుడి దగ్గర సాయం అడిగి ఇంకొక కృష్ణుడితో యుద్ధానికి పోతాడన్నమాట. జనానికి ఇబ్బంది లేదు, వాళ్లొచ్చింది కృష్ణుళ్ల మధ్య పోటీ చూడ్డానికి. "వన్స్ మోర్" అంటే కృష్ణుడు అదే పద్యం మళ్లీ అందుకోవాలి, ఈసారి ఇంకాస్త పైకి. ఇంతలో మైకు కూడా వచ్చింది. చివరి వరుస సమస్య ఆ రోజుతో తీరిపోయింది కాబట్టి రాగం తగ్గాలి. తగ్గలేదు, ఇంకా పెరిగింది. నటులు సీను మధ్యలోంచి లేచి మైకు దగ్గరకి నడిచి పాడి వెనక్కి పోవడం మొదలైంది. మనం నవ్వుతున్నది ఈ దశని చూసి. రాఘవ విసుక్కున్నదాంట్లో సగం దీనికే చెందుతుంది, అంతవరకు ఆయన్ని తప్పుపట్టలేం.

రఘురామయ్య ఈ మూడు దశల్లోనూ బతికాడు. 'శ్రీకృష్ణ తులాభారం'లో స్థానం నరసింహారావు సత్యభామ, ఈయన కృష్ణుడు. ఇద్దరిదీ గుంటూరు ప్రాంతం, వయసులో ఏడాది తేడా. ఒకడు చూపుతో, నడకతో, చీర కుచ్చిళ్లతో చేసే పనిని ఇంకొకడు గొంతుతో చేసేవాడు. స్థానం గొప్పదనం గురించి రాసినంత వివరంగా రఘురామయ్య గురించి ఎవరూ రాయలేదు. అభినయాన్ని వర్ణించడానికి మన విమర్శకి మాటలున్నాయి. గొంతు దగ్గరకొచ్చేసరికి 'శ్రావ్యం', 'గంధర్వగానం' దగ్గర ఆగిపోతాం.

సినిమా ఆయన్ని తొందరగానే పిలిచింది. 1933 నాటి 'పృథ్వీపుత్ర'లో ఉన్నాడు. 1947లో 'గొల్లభామ'లో కృష్ణవేణి పక్కన హీరో, అప్పటికి నలభై ఆరేళ్లు. నటుడే పాడుకోవాల్సిన రోజుల్లో ఇలాంటి గొంతు బంగారం. ప్లేబ్యాక్ స్థిరపడ్డాక ఆ అవసరం పోయింది. ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది కావచ్చు. పైగా స్టూడియో మైకు నోటికి దగ్గరగా ఉంటుంది. దానికి చివరి వరుస అన్నదే లేదు.

మైకు అర్థమైన పద్యగాయకుడు ఘంటసాల. రాగాన్ని కుదించాడు, మాటకి ముందు పీట వేశాడు, కోపం వచ్చినా గొంతు పెంచకుండా బిగించాడు. ఇప్పుడు మనకి పద్యం అంటే అదే. 1960లో వచ్చిన 'శ్రీకృష్ణ రాయబారం'లో కృష్ణుడు రఘురామయ్య, గొంతూ ఆయనదే. 1967 నాటి 'శ్రీకృష్ణావతారం'లో కృష్ణుడు ఎన్టీఆర్, గొంతు ఘంటసాల. రెండూ వరసగా విని చూడండి. ఘంటసాల కృష్ణుడు ఎదురుగా కూర్చున్న ధృతరాష్ట్రుడితో మాట్లాడుతున్నాడు. రఘురామయ్య కృష్ణుడు సభ దాటి, పందిరి దాటి, బండి మీద కూర్చున్న వాడితో మాట్లాడుతున్నాడు. సినిమాగా మొదటిదే సరైన పద్ధతి, సందేహం లేదు. కానీ రెండోది వింటున్నప్పుడు ఆయన ముందున్న కెమెరా మాయమైపోయి ఒక ఖాళీ స్థలం కనిపిస్తుంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, అలవాటైన దూరాన్ని ఇంకా కొలుచుకుంటూనే పాడుతున్నాడు. నూరీకి జరిగిందే ఇక్కడ తిరగబడి జరిగింది: అక్కడ పెద్ద గొంతు వచ్చి మెత్తని గొంతుని తరిమితే, ఇక్కడ దగ్గరి గొంతు వచ్చి దూరపు గొంతుని పక్కకి జరిపింది. రఘురామయ్య నూరీలా విరిగిపోలేదు. ఊళ్లు ఇంకా పిలుస్తూనే ఉన్నాయి, ఆయన వెళ్తూనే ఉన్నాడు.

ఇక ఈల. నోట్లో వేలు పెట్టి ఈలతో రాగాలు, పద్యాలు పలికించేవాడు. అందరికీ గుర్తున్నది ఇదే, పెద్దమనుషులు కాస్త చిన్నచూపు చూసిందీ దీన్నే, సర్కస్ విద్య అన్నట్టు. నాకైతే ఆయన జీవితంలో అన్నిటికన్నా తెలివైన పని ఇదే అనిపిస్తుంది. స్పెయిన్ ఏలుబడిలో ఉన్న లా గొమేరా అనే దీవిలో కొండల మధ్య జనం ఈలతోనే మాట్లాడుకుంటారు. ఆ భాష పేరు సిల్బో. వాళ్లదీ నోట్లో వేలు పెట్టి వేసే ఈలే, లోయ అవతలికి కిలోమీటర్ల దూరం వినపడుతుంది. గొంతులో శక్తి పది పౌనఃపున్యాల మీద చీలిపోతుంది, ఈలలో దాదాపు అంతా ఒక్క గీతగా, చెవికి బాగా తగిలే 1000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్యన దూసుకుపోతుంది. డ్యూప్రే ఛాతీతో సాధించినదాన్ని ఈయన ఒక్క వేలితో సాధించాడు, గొంతు అరగకుండా.

అన్నిటికీ మించి, ఆయన కృష్ణుడు. తెలుగు స్టేజి మీద కృష్ణుడి చేతిలో పిల్లనగ్రోవి ఉంటుంది కానీ నటుడికి వాయించడం రాదు, పెదాలకి ఆనించి నిలబడితే పక్కనుంచి ఎవరో హార్మోనియం మీద కానిచ్చేస్తారు. ఆ అబద్ధం చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఈ కృష్ణుడికి మాత్రం వేణుగానం నిజంగా తన ఊపిరిలోంచే వచ్చేది.

ఆయన పాత రికార్డులు, సినిమా పద్యాలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్‌లో వింటే కీచుగా, అతిగా ఉంటాయి, ముందే చెబుతున్నాను. ఫోన్‌ని డాబా మీద ఒక మూల పెట్టి, మీరు వాటర్ ట్యాంక్ అవతలికి పోయి నిలబడండి. రోడ్డు మీద ట్రాఫిక్ అలాగే ఉండనివ్వండి.